ఆ టికెట్లు అమ్మకండి తమ్ముడూ: పనికిరాదని తెలిసీ దర్శనం టికెట్టు అమ్మడం గురించి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "తిరుమల వైకుంఠ ద్వార దర్శనం రోజుల్లో మా నలుగురికీ 300 రూపాయల టికెట్లు దొరికాయి. నాన్నకు ఆపరేషన్ పడటంతో వెళ్ళలేకపోతున్నాం. డబ్బు వాపసు ఇవ్వరట, పేర్లు మార్చరట. ఆన్‌లైన్‌లో పెడితే అనంతపురం వైపు కుటుంబం ఒకటి టికెట్టుకు 3,000 ఇస్తామని బతిమాలింది. అడ్వాన్సు 3,000 పంపేశారు కూడా. గురువారం రాత్రి వాళ్ళ రైలు. అక్కడ ఆధార్ చూస్తారన్న సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. నా టికెట్లు నకిలీవి కావు, నేనెవర్నీ బలవంతపెట్టలేదు. ఇందులో తప్పుందా?"

తప్పుంది. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ చేతిలో ఉన్న టైము తక్కువ.

నేను తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి ఒక సందులో ఇరవై నాలుగేళ్ళుగా చిన్న లాడ్జి, దాంతోపాటే ట్రావెల్స్ నడుపుతున్నాను. కొండ ఎక్కేవాళ్ళను బస్సెక్కించడం, దిగొచ్చినవాళ్ళకు గది తాళం ఇవ్వడం నా రోజువారీ పని. ఎక్కేటప్పటి మొహం, దిగేటప్పటి మొహం రెండూ చూస్తాను. అమ్మినవాళ్ళకు ఆ రెండో మొహం ఎప్పుడూ కనబడదు. మీకు అది చూపించాలనే ఇంత రాస్తున్నాను.

ముందు మీ టికెట్టు సంగతి. నకిలీది కాదన్నారు, నిజమే. సినిమా టికెట్టు కొంటే మనం కొన్నది సీటు, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. రైలు టికెట్టుకైనా ఇంట్లోవాళ్ళ పేరుకు మార్చుకోవడానికి ఒక పద్ధతుంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు అలాంటిది కాదు, అందులో సరుకంతా పేరే. ఈ పేరుగల మనిషి, ఈ ఆధార్ పట్టుకుని, ఈ తేదీన, ఈ వేళకు వస్తే లోపలికి పంపుతాం అని దేవస్థానం ఇచ్చిన మాట అది. ఆ మనిషి రాకపోతే ఆ మాటకు అర్థం లేదు. మీ దగ్గర ఉన్నంతసేపూ అది అసలు టికెట్టే. అనంతపురం వాళ్ళ చేతికి వెళ్ళిన క్షణం నుంచి నకిలీ టికెట్టుకూ దానికీ తేడా లేదు. లైన్ దగ్గర కోడ్ స్కాన్ చేస్తే మీ నాన్నగారి పేరు, వయసు వస్తాయి. ఎదురుగా నిలబడింది ఇంకెవరో. వెనక్కి పంపేస్తారు.

ఇప్పుడు "వాళ్ళే బతిమాలారు" అన్న మాటకు వస్తాను. ఇదే అసలు విషయం.

నాలుగేళ్ళ కిందట ముక్కోటి రోజుల్లో కర్నూలు జిల్లా నుంచి ఒక కుటుంబం మా లాడ్జిలో దిగింది. బేల్దారి పని చేసే అతను, భార్య, అతని తల్లి, ఎనిమిదేళ్ళ కొడుకు. పిల్లాడికి పుట్టినప్పటి నుంచీ వెంట్రుకలు తీయలేదు, మొక్కు. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు, గంటలకొద్దీ కంపార్ట్‌మెంట్లలో కూర్చోలేదని ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో నాలుగు టికెట్లు 2,500 చొప్పున కొన్నారు. కొండమీద మంచుకు తడుస్తాయని వాటిని లామినేషన్ చేయించి, పసుపు గుడ్డలో చుట్టి తెచ్చుకున్నారు. అప్పుడే నాకు ఒకటి తట్టింది: పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఈ దర్శనంలో టికెట్టే అక్కర్లేదు. అమ్మినవాడు ఆ సంగతి దాచి పిల్లాడికి కూడా 2,500 లాగాడు. అనుమానం వచ్చి "ఒకసారి చూపించమ్మా" అన్నాను గానీ, బస్సు కదులుతోందని వాళ్ళు వెళ్ళిపోయారు.

సాయంత్రం తిరిగొచ్చారు. పిల్లాడికి కల్యాణకట్టలో గుండు అయిపోయింది, తలకు చందనం పూసి ఉంది. దర్శనం కాలేదు. గుండుతో, చందనంతో, స్వామిని చూడకుండా కొండ దిగొచ్చిన పిల్లాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. అతను మాట్లాడలేదు. భార్య లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. పెద్దావిడ మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ లామినేషన్ కాగితం ముందుపెట్టి అడిగింది: "నాయనా, నాకు చదువు రాదు. దీంట్లో తప్పు యాడుందో సూపీ." చూశాను. ఆమె పట్టుకున్న టికెట్టు మీద 34 ఏళ్ళ మగమనిషి వివరాలున్నాయి. వేలు పెట్టి చూపించాను. "ఇదంతా సదివినోళ్ళు ఒక్కరూ చెప్పలేదే" అంది. ఎవర్నీ తిట్టలేదు. ఆ కాగితం మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఇది చెప్పింది మిమ్మల్ని ఆ అమ్మినవాడితో పోల్చడానికి కాదు. వాడు ఎవడో నాకు తెలియదు. మీలాగే వెళ్ళలేకపోయినవాడో, ఇదే వ్యాపారంగా పెట్టుకున్నవాడో. ఆ పెద్దావిడ బల్ల ముందు నిలబడినప్పుడు ఆ తేడా ఎక్కడా లేదు. ఆమెకు జరిగింది ఒక్కటే.

అవసరంలో ఉన్న మనిషి ఒప్పుకోవడం మామూలు ఒప్పుకోవడం కాదు. ఆకలి రుచి ఎరగదంటారు, ఆత్రం అనుమానం ఎరగదు. తన కూతురి పెళ్ళికి పట్టుచీర కొనేటప్పుడు పది కొట్లు తిరిగే మనిషి, మొక్కు తీర్చుకోవడానికి టికెట్టు దొరికిందంటే ఒక్క ప్రశ్న కూడా అడగడు. అడిగితే ఎక్కడ చేజారిపోతుందోనని భయం. ఎక్కువ ప్రశ్నలేస్తే మీరు ఇంకొకరికి అమ్మేస్తారని వాళ్ళ గుబులు. "వాళ్ళు అడగలేదు" అని మీరన్నారు చూడండి, వాళ్ళు అడగకపోవడానికి కారణం ఆ గుబులే. దాన్ని మీరు ఒప్పుదల కింద లెక్కేసుకుంటున్నారు.

ఆ ఆత్రం ఎంతటిదో ఈ ఊళ్ళో ఉన్న మాకు బాగా తెలుసు. ఒకప్పుడు వైకుంఠ ద్వారం ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవారు. 2020 డిసెంబరు నుంచి పది రోజులు తెరుస్తున్నారు. అయినా మొదటి రోజుల మీదే అందరి కళ్ళూ. 2025లో జనవరి 10న ఏకాదశి. మొదటి మూడు రోజులకు 1.20 లక్షల టోకెన్లు తిరుపతిలో ఇస్తామన్నారు. ఇవి డబ్బు పెట్టి కొనేవి కావు, ఉచిత టోకెన్లు. వాటి కోసం 8వ తేదీ రాత్రి బైరాగిపట్టెడ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రి మా వీధి మొత్తం నిద్రపోలేదు. టికెట్టుకు 3,000 ఇస్తామని మీకు ఫోన్ చేసినవాళ్ళు అలాంటి ఆశతోనే ఉన్నవాళ్ళు. ఆన్‌లైన్‌లో కోటా వదిలిన రోజు గంటలకొద్దీ స్క్రీన్ ముందు కూర్చుని, లైను ముందుకు కదిలేసరికి టికెట్లు అయిపోయినవాళ్ళే మళ్ళీ ఇలాంటి ప్రకటనలు వెతుక్కుంటూ వస్తారు. హైదరాబాద్‌లో మంచి నెట్ ఉన్న మీకు దొరికింది, పల్లెలో ఉన్నవాళ్ళకు దొరకలేదు. అందులో మీ తప్పేమీ లేదు. కానీ ఆ తేడాను మీరు రూపాయలుగా మార్చుకోకూడదు.

పోయేది 12,000 మాత్రమే కాదు, ఆ లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. రైలు ఛార్జీలు, ఇక్కడ గది, కొండమీదికి బస్సు, భోజనాలు, కూలికి పోయేవాళ్ళయితే మూడు నాలుగు రోజుల కూలి. అది కూడా ఎవరైనా సర్దుబాటు చేసుకోగలరు. సర్దుబాటు కానిది ఇంకొకటుంది. మీ టికెట్టు దొరికిందన్న ధైర్యంతోనే వాళ్ళు బయలుదేరుతున్నారు. అది లేకపోతే ఫిబ్రవరిలోనో, ఇంకెప్పుడో రద్దీ తక్కువున్నప్పుడు వచ్చి, సర్వదర్శనంలో నిదానంగా చూసుకుని వెళ్ళేవాళ్ళు. దానికి పైసా ఖర్చు లేదు. ఆ దారి వాళ్ళకు మూసేసింది మీ టికెట్టు. డబ్బు తిరిగివ్వొచ్చు. ఆ రోజును ఎలా తిరిగిస్తారు?

ఈ మాట నేను నేర్చుకున్న తీరు కూడా చెప్పాలి. దర్శనం వేళకు గుర్తుగా చేతికి సుదర్శనం కంకణం కట్టే రోజుల్లో, నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు, నెల్లూరు వాళ్ళ కుటుంబాన్ని ఒకాయన దగ్గరికి పంపాను. సిఫారసు లెటర్ల మీద దర్శనం చేయిస్తానని తిరిగే మనిషి. తలకు వంద చొప్పున నాకు ముట్టింది. ఆ మనిషి డబ్బు తీసుకుని మాయమయ్యాడు. వాళ్ళు తిరిగి నా దగ్గరికే వచ్చారు. "నేను మోసం చేయలేదు, పరిచయం చేశానంతే" అన్నాను. మీరిప్పుడు అన్నట్టే. వాళ్ళ పెద్దాయన కాసేపు నన్ను చూసి, "నీకు తెలుసా తెలీదా, అది చెప్పు" అన్నాడు. తెలుసు. ఆ మనిషి నాలుగుసార్లకు ఒకసారి ఎగ్గొడతాడని నాకు తెలుసు. నా కమీషన్ తిరిగిచ్చాను, పోయిన డబ్బులో సగం నా జేబులోంచి ఇచ్చాను. వాళ్ళు తీసుకున్నారు, కానీ మళ్ళీ ఎప్పుడూ నా లాడ్జిలో దిగలేదు. ఆ ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయింది. ఇప్పుడు మీకూ అదే వేస్తున్నాను. ఆధార్ చూస్తారని మీకు తెలుసా, తెలియదా? తెలుసని మీరే రాశారు.

చట్టం కూడా ఈ ప్రశ్ననే పట్టుకుంటుంది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసానికి సంబంధించినది, పాత 420 ఇప్పుడు అందులోనే ఉంది. దురుద్దేశంతో నిజాన్ని దాచిపెట్టడం కూడా మోసపుచ్చడమే అవుతుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. అబద్ధం చెప్పాల్సిన పని లేదు, చెప్పాల్సింది చెప్పకుండా డబ్బు తీసుకుంటే చాలు. అలా మోసపుచ్చి డబ్బు రాబట్టినదానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. కానీ "నకిలీ కాదు, బలవంతం లేదు" అన్నంత మాత్రాన చేతులు శుభ్రంగా ఉన్నట్టు కాదని తెలియాలి. ఇంకో సంగతి, లైన్ దగ్గర పట్టుబడినప్పుడు దేవస్థానం విజిలెన్స్ వాళ్ళు మొదట నిలదీసేది మిమ్మల్ని కాదు, టికెట్టు చేతిలో ఉన్నవాళ్ళను. పిల్లల ముందు, నలుగురి ముందు "ఎక్కడ కొన్నారు, ఎవరిచ్చారు" అని. దేవుణ్ణి చూడ్డానికొచ్చిన మనిషికి దొంగలా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

"సరే, అంతా చెప్పేసే అమ్ముతాను, వాళ్ళకిష్టమైతే కొనుక్కుంటారు" అని మీకు అనిపించొచ్చు. చాలామంది నాతో ఈ వాదన చేశారు. దీనికీ నేను ఒప్పుకోను. చెప్పిన తర్వాత కూడా కొంటామంటే, వాళ్ళు అదృష్టం పరీక్షించుకుంటామని అనుకుంటున్నట్టు. అంటే గేటు దగ్గర అబద్ధం చెబుతారు. కొందరు పీడీఎఫ్‌లో పేరు దిద్ది ప్రింటు తీసుకుంటారు, స్కాన్‌లో పాత పేరే వచ్చేసరికి అది ఫోర్జరీ అని ఇంకో కేసు. ఉచితంగా ఇచ్చినా ఇదే జరుగుతుంది. కాబట్టి ధర ఎంత తగ్గించాలన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, ఆ కాగితం వాళ్ళ చేతికి వెళ్ళకూడదు.

బ్లాకులో అమ్మడం, పనికిరానిది అమ్మడం ఒకటేనా అని కూడా తరచూ అడుగుతుంటారు. ఒకటి కాదు. 2025 జనవరిలో నవీ ముంబైలో కోల్డ్‌ప్లే కచేరీలు జరిగాయి, టికెట్లు ఎన్నో రెట్ల ధరకు చేతులు మారాయి. అది దురాశ, దాని మీద గొడవ జరగడం సబబే. అయినా బ్లాకులో అసలు టికెట్టు కొన్నవాడు లోపలికి వెళ్ళి పాట విన్నాడు. మన ఉప్పల్ స్టేడియం బయట బ్లాకులో కొన్నవాడూ మ్యాచ్ చూశాడు. ఎక్కువ ఇచ్చినా కొన్నది దక్కింది. పనికిరాని టికెట్టు కొన్నవాడికి ఏదీ దక్కదు. అది ధర ఎక్కువైన అమ్మకం కాదు, అమ్మకమే కాదు. అదే కచేరీల సమయంలో లేని టికెట్లు ఆన్‌లైన్‌లో చూపించి డబ్బు లాగినవాళ్ళదీ, మీ దగ్గర ఇప్పుడు జరగబోయేదీ ఒకే జాతి.

ఇంకొక రకం మనుషుల గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ ఊబి పెరిగేది వాళ్ళ వల్లే. తానే మోసపోయి పనికిరాని టికెట్లు కొని, బయలుదేరేముందే అసలు సంగతి తెలుసుకుని, "నా డబ్బు పోయింది, కనీసం అదైనా రాబట్టుకోవాలి" అని ఇంకొకరికి అంటగట్టేవాళ్ళు. వాళ్ళను నేను దొంగలనను. ఉడుకుమోత్తనంలో చేస్తారు. కానీ మొదటివాడు చేసిన తప్పు మొదటి కొనుగోలుదారు దగ్గర ఆగితే నష్టం ఒక ఇంటిది. ఆయన ఇంకొకరికి అమ్మితే రెండో ఇంటిది. నష్టపోయానన్నది ఇంకొకర్ని నష్టపెట్టడానికి హక్కు కాదు. అలా మోసపోయినవాళ్ళు చేయాల్సింది ఒకటే: డబ్బు పంపిన గంటల్లోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. వాపసు ఇప్పిస్తామంటూ "ప్రాసెసింగ్ ఫీజు" అడిగేవాళ్ళు మళ్ళీ వస్తారు, వాళ్ళకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. నకిలీ వెబ్‌సైట్ల సంగతీ అంతే. 2023 ఏప్రిల్ నాటికే దేవస్థానం 41వ నకిలీ సైటు మీద ఫిర్యాదు చేసింది. అధికారిక సైటు చిరునామా ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది, చూసుకుని నొక్కండి.

ఇప్పుడు మీ పని. మీ 1,200 రూపాయలు హుండీలో వేశామనుకోండి. నాన్నగారి ఆపరేషన్ వేళ అది పెద్ద మొత్తమేమీ కాదని మీకూ తెలుసు. ఆ ప్రకటన ఈరోజే తీసేయండి, ఇంకొకరు ఫోన్ చేయకముందే. అడ్వాన్సు 3,000 మొత్తం వెనక్కి పంపేయండి, ఖర్చుల పేరుతో ఏమీ పట్టుకోకండి. మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఫోన్ చేయండి. మెసేజ్ చూడకుండానే రైలెక్కేవాళ్ళు చాలామంది. "అక్కా, ఆ టికెట్లు మా పేర్ల మీద ఉన్నాయి, అక్కడ ఆధార్ చూసి వెనక్కి పంపేస్తారు. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, నాదే తప్పు. మీ డబ్బు పంపేశాను" అనండి. ఈ నాలుగు మాటలు చాలు. కోప్పడితే వినండి.

వాళ్ళ రైలు టికెట్లు రద్దు చేసుకుంటే ఎంతో కొంత కోత పడుతుంది. ఆ కోత మీరు భరిస్తానని చెప్పండి. మీరు నోరు విప్పకపోవడం వల్లే వాళ్ళకు పడిన ఖర్చు అది. అయినా వస్తామంటే, ఆ తేదీకి టోకెన్లు ఎక్కడ ఎప్పుడు ఇస్తున్నారో దేవస్థానం ప్రకటన చూసుకుని, టోకెను ఖాయమైతేనే బయలుదేరమనండి. ఏకాదశి నాడే ఉత్తర ద్వారం చూడాలన్న కోరిక ఉంటే భద్రాచలం ఉంది, వాళ్ళ ఊరి దగ్గర విష్ణ్వాలయంలోనూ తెరుస్తారు. ముసలివాళ్ళు, పిల్లలు ఉంటే మాఘమాసంలోనో ఎండాకాలం సెలవులకు ముందో రమ్మని నా మాటగా చెప్పండి. గదికి నన్నడిగితే చూస్తాను, సర్వదర్శనం లైను ఎప్పుడు తేలిగ్గా ఉంటుందో కూడా చెబుతాను.

వాళ్ళ రైలు గురువారం రాత్రి అన్నారు. ఈరోజు మంగళవారం. ఇప్పుడు పనులు ముగించుకుని ఇంట్లో ఉండే వేళ. ఫోన్ ఎత్తుతారు.